కుక్క జాతి, యజమాని పూచీ

(పశువైద్య విద్యార్థుల సభలో చదివిన స్మారకోపన్యాసం)



ఇంగ్లండులో ఈ రోజు ఒక కుక్క గతి ఏమవుతుందన్నది దాని ఎత్తు మీద ఆధారపడి ఉండవచ్చు. నేల నుంచి మూపు దాకా కొలుస్తారు. మగదైతే 51 సెంటీమీటర్లు, ఆడదైతే 48. ఆ ఎత్తుకు చేరి, తల వెడల్పుగా, మూతి మొద్దుగా, ఛాతీ లోతుగా, ఒళ్లంతా కండలు తిరిగి ఉంటే అది ‘ఎక్స్‌ఎల్ బుల్లీ’ రకం కిందికి వచ్చే అవకాశం ఉంది. అలా తేలితే, 2024 ఫిబ్రవరి 1 నుంచి, మినహాయింపు పత్రం లేకుండా దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. అది ఎవరినైనా కరిచిందా, పిల్లల దగ్గర ఎలా ఉంటుంది, దాన్ని ఎలా పెంచారు అన్న ప్రశ్నలకు ఆ కొలతలో చోటు లేదు. పైగా అది నిషేధించిన రకం కాదని నిరూపించుకోవలసిన భారం యజమానిదే. సాధారణంగా నేరం మోపినవాళ్లు రుజువు చేయాలి. ఇక్కడ ఆ పద్ధతి తలకిందులైంది.

జీవితమంతా పశువుల మధ్య గడిపిన ఒక వైద్యుడి స్మృతిలో జరుగుతున్న సభలో ఎక్కడో ఇంగ్లండు చట్టం సంగతి ఎందుకని అనిపించవచ్చు. 2024 మార్చిలో మన దేశంలోనూ ఇలాంటి జాబితా ఒకటి వచ్చింది. వచ్చిన వేగంతోనే కోర్టుల్లో ఆగిపోయింది. ఇంకో పెద్ద దాడి జరిగిన రోజున అది మళ్లీ బల్ల మీదికి వస్తుంది. అప్పుడు సలహా చెప్పవలసినవాళ్లు ఈ సభలో కూర్చున్న పిల్లలే. అందుకని మూడు దశాబ్దాలుగా ఈ దారిలో నడిచిన దేశం అనుభవాన్ని ముందుగా చూడటం మంచిది. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్న మాట ఒకటే: జాతిని బట్టి నిషేధించడం గురి తప్పిన పని. కానీ ఆ నిషేధం వద్దని అడిగే హక్కు, చట్టం అడగకముందే జాగ్రత్తలన్నీ పాటించే యజమానికే ఉంటుంది.

1991 మే నెలలో ఉత్తర ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఆరేళ్ల పాప మీద ఒక పిట్‌బుల్ దాడి చేసింది. దేశం ఉలిక్కిపడింది. అప్పటి హోంమంత్రి కెనెత్ బేకర్ వారాల వ్యవధిలో బిల్లు తెచ్చారు. జూలైలో అది చట్టమైంది, ఆగస్టు 12న అమల్లోకి వచ్చింది. ప్రమాదకర కుక్కల చట్టం అన్న పేరుతో ఇప్పటికీ నడుస్తున్నది అదే. నిషేధం పడింది నాలుగు రకాల మీద: పిట్‌బుల్ టెర్రియర్, జపాన్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో. చివరి మూడూ బ్రిటన్‌లో దాదాపు ఎవరూ చూడనివి. అసలు గురి పిట్‌బుల్ మీదే. అదే చట్టంలో ఇంకో సెక్షను కూడా ఉంది: ఏ జాతి కుక్కైనా సరే, బయట అదుపు తప్పి జనానికి ప్రమాదంగా మారితే యజమాని నేరస్తుడు. ఆ సెక్షనుకు పత్రికల్లో అంత చోటు దొరకలేదు. నిజానికి పనికొచ్చిన సెక్షను అదే. 2014లో దాన్ని ఇళ్లకూ ప్రైవేటు స్థలాలకూ విస్తరించారు. మనిషి చనిపోతే 14 ఏళ్ల దాకా జైలు పడేలా శిక్ష పెంచారు.

పిట్‌బుల్‌ను బ్రిటన్ కెనెల్ క్లబ్ ఒక జాతిగా గుర్తించదు. వంశపత్రాలు లేవు. అందుకే చట్టం ‘రకం’ అని రాసింది. ఆ మాటకు హద్దు ఎక్కడన్నది 1993లో హైకోర్టు తేల్చింది. లక్షణాలన్నీ కలవనక్కర్లేదు, గణనీయంగా కలిస్తే చాలు అంది. ఏ లక్షణాలు? 1977లో ఒక అమెరికన్ పిట్‌బుల్ పత్రికలో అచ్చైన ప్రమాణం కొలబద్ద అయింది. దాంతో తల్లిదండ్రులు ఎవరన్న ప్రశ్న పక్కకు పోయింది. రెండు మామూలు కుక్కలకు పుట్టిన పిల్ల కూడా పెరిగాక ఆకారం కుదిరితే నిషిద్ధ రకమే. ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువుల్లో ఒకటి చట్టబద్ధం, ఇంకొకటి చట్టవిరుద్ధం కావచ్చు. కుక్కపిల్లను తెచ్చుకున్న కుటుంబానికి ఆ సంగతి ఏడాది తర్వాతే తెలుస్తుంది.

డెంప్సీ కథ ఇక్కడ చెప్పాలి. లండన్‌లో ఉండే ఈ ఆడ పిట్‌బుల్ ఎవరినీ కరవలేదు. 1992లో ఒక రోజు షికారుకు తీసుకువెళ్లిన వ్యక్తి దానికి వాంతి వస్తోందని మూతి చిక్కం కాసేపు తీశాడు. నిషిద్ధ రకానికి బయట చిక్కం తప్పనిసరి. అది పోలీసుల కంట పడింది. చట్టం ప్రకారం చంపెయ్యాలని తీర్పు వచ్చింది. అప్పట్లో న్యాయమూర్తికి వేరే దారి లేదు, నేరం రుజువైతే మరణమే. కేసు కోర్టుల చుట్టూ తిరిగినంత కాలం కుక్క బోనులోనే ఉంది. ఫ్రెంచి నటి బ్రిజిట్ బార్డో తన దగ్గర ఉంచుకుంటానని ముందుకొచ్చారు. 1995లో ఒక సాంకేతిక కారణం మీద డెంప్సీ బయటపడింది, 2003 దాకా బతికింది. ఇలాంటి కేసుల ఒత్తిడి వల్లే 1997లో చట్టాన్ని సవరించి, ప్రమాదం లేదనుకున్న కుక్కను కొన్ని షరతులతో ఇంటికి పంపే విచక్షణ కోర్టులకు ఇచ్చారు. అయినా ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో లెన్నాక్స్ అనే కుక్క 2010లో పట్టుబడి, రెండేళ్లు బోనులో ఉండి, ప్రపంచమంతటి నుంచి విన్నపాలు వెళ్లినా 2012 జూలైలో అధికారుల చేతిలో చనిపోయింది. అదీ ఎవరినీ కరిచిన కుక్క కాదు.

ఇంతా చేసి కాట్లు తగ్గాయా? జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ 2016లో లెక్క తీసింది. చట్టం వచ్చిన ఆ పాతికేళ్లలో కుక్కల వల్ల 30 మంది చనిపోతే, అందులో 21 మంది మరణానికి కారణం నిషేధంలో లేని రకాల కుక్కలు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. 1998 నుంచి 2018 మధ్య ఇంగ్లండులో కుక్క కాటుతో ఆసుపత్రిలో చేరే పెద్దవాళ్ల నిష్పత్తి సుమారు మూడింతలైంది. పిల్లల్లో మొదటి నుంచీ ఎక్కువగా ఉన్నది అలాగే ఎక్కువగా ఉండిపోయింది. 2018లో పార్లమెంటు కమిటీ ఒకటి ఈ చట్టాన్ని సమూలంగా సమీక్షించమని అడిగింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఇందులో మనసును కలచివేసే సంగతి ఇంకొకటి ఉంది. బ్రిటన్‌లో ఒకప్పుడు ప్రతి కుక్కకూ లైసెన్సు ఉండాలి, రుసుము 37 పెన్నీలు. వసూలుకే అంతకంటే ఎక్కువ ఖర్చవుతోందని 1987లో దాన్ని ఎత్తేశారు. అంటే దేశంలో ఎన్ని కుక్కలున్నాయి, ఎవరి దగ్గర ఏదుంది అన్న లెక్కను వదులుకున్న నాలుగేళ్లకే ఫలానా రకాన్ని వెతికి పట్టుకోవాలన్న చట్టం తెచ్చారు. రుసుము పెంచి, ఆ సొమ్ముతో కుక్కల పోషణ మీద అవగాహన కల్పించి ఉంటే దారి వేరుగా ఉండేది.

ఎక్స్‌ఎల్ బుల్లీ కథ దీనికి కొనసాగింపు. పిట్‌బుల్‌ను పెంచకూడదన్నారు కాబట్టి దాని నిర్వచనంలో ఇమడని, అంతకంటే భారీ కుక్కకు గిరాకీ పుట్టింది. అమెరికాలో తయారైన ఈ రకం 2010ల మధ్యలో బ్రిటన్‌కు చేరింది. కోవిడ్ రోజుల్లో కుక్కపిల్లల ధరలు ఆకాశానికంటినప్పుడు దాని వ్యాపారమూ పెరిగింది. జాబితా ఒక తలుపు మూస్తే మార్కెట్టు ఇంకో తలుపు తెరిచింది. 2021 నవంబరులో వేల్స్‌లోని కేర్‌ఫిల్లీలో పదేళ్ల బాలుడు స్నేహితుడి ఇంట్లో ఇలాంటి కుక్క దాడిలో చనిపోయాడు. కేసు వివరాలు చూస్తే గుండె బరువెక్కుతుంది. ఆ కుక్క ఆ ఇంటికి వచ్చి కొద్ది రోజులే అయింది. ఆ కొద్ది రోజుల్లోనే వీధిలో దూకుడు చూపింది. అయినా పిల్లలు తిరిగే ఇంట్లో దాన్ని అలాగే ఉంచారు. ఇద్దరికి జైలు శిక్ష పడింది. ఆ తర్వాత మరికొన్ని మరణాలు సంభవించాయి. 2023 సెప్టెంబరు 15న ప్రధాని రిషి సునాక్ నిషేధం ప్రకటించారు.

కుక్కల ప్రేమికులు ఈ చోట తడబడకుండా నిజం ఒప్పుకోవాలి. ‘చెడ్డ కుక్కలు లేవు, చెడ్డ యజమానులే ఉన్నారు’ అని చెప్పి తప్పుకుంటే చాలదు. యాభై కిలోల కుక్క చేసే ఒక తప్పూ అయిదు కిలోల కుక్క చేసే అదే తప్పూ ఒకటి కావు. పొమరేనియన్ కరిస్తే కుట్లు పడతాయేమో, భారీ దవడ ఉన్న కుక్క పట్టుకుని వదలకపోతే ప్రాణం పోతుంది. కరిచే అవకాశం వేరు, కరిస్తే జరిగే నష్టం వేరు. రెండోది కుక్క శరీరాన్ని బట్టి ఉంటుంది. చట్టం చేసినవాళ్ల భయంలో ఉన్న నిజం అది. దాన్ని కాదనే ఏ వాదనా బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలవదు.

కానీ మొదటిది, అంటే స్వభావం, జాతి పేరుతో తెలిసేది తక్కువ. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధనలో 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యుక్రమం పరిశీలించారు. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వివరించగలిగింది సగటున 9 శాతమే. ఎంత త్వరగా కోపానికొస్తుందన్న విషయంలో జాతి చెప్పేది మరీ తక్కువ. అంతకు చాలా ముందు అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి చూసి 1965లో ఒక గ్రంథం వెలువరించారు. పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనుషులకూ లోకానికీ అలవాటు పడే కాలమని వాళ్లు చూపించారు. ఆ వారాల్లో కొత్త ముఖాలు, పిల్లల అరుపులు, గొడుగులు, స్కూటర్లు, గడ్డాలు, హెల్మెట్లు చూడని కుక్క పెద్దయ్యాక వాటికి భయపడుతుంది. భయపడ్డ కుక్కే ఎక్కువగా కరుస్తుంది.

మళ్లీ బ్రిటన్ మినహాయింపు పత్రం దగ్గరికి వద్దాం. ఎక్స్‌ఎల్ బుల్లీని ఉంచుకోదలచిన వాళ్లు నిషేధం అమల్లోకి వచ్చేలోగా 92 పౌండ్ల 40 పెన్నీల రుసుము కట్టవలసి వచ్చింది. కుక్కకు సంతాన నిరోధక ఆపరేషన్ చేయించాలి. మైక్రోచిప్ పెట్టించాలి. ఎవరికైనా గాయమైతే పరిహారం ఇచ్చే బీమా తీసుకోవాలి. బయటికి తెస్తే పట్టీ, మూతికి చిక్కం తప్పనిసరి. పట్టుకున్న మనిషికి కనీసం 16 ఏళ్లుండాలి. ఇంటి నుంచి తప్పించుకోకుండా ఏర్పాటుండాలి. చిరునామా మారితే తెలపాలి. దేశంలో ఈ రకం కుక్కలు పది వేలు ఉంటాయని ప్రభుత్వం అంచనా వేసుకుంది. దరఖాస్తులు యాభై వేలు దాటాయి.

ఆ షరతులను ఒక్కసారి జాతి పేరు తీసేసి చదవండి. మైక్రోచిప్, బీమా, పట్టీ, బలంగా పట్టుకోగల పెద్దమనిషి, మూసిన గేటు. ఏ పెద్ద కుక్కకైనా ఇవి ఉండవలసినవే. జాబితాలోని తప్పు ఈ నియమాల్లో లేదు, వాటిని కొన్ని ఆకారాలకే పరిమితం చేయడంలో ఉంది. మిగతా కుక్కల యజమానులందరికీ ‘మీది జాబితాలో లేదు, మీకేం ఫరవాలేదు’ అని అది చెబుతోంది. నిషిద్ధ రకం కుక్క ఆశ్రయ కేంద్రానికి చేరితే, ఎంత సాధువైనా ఇంకొకరికి పెంపకానికి ఇవ్వడానికి లేదు. సిబ్బంది తమ చేత్తో అన్నం పెట్టిన కుక్కనే సూదితో నిద్రపుచ్చవలసి వస్తుంది.

వేరే దారి పట్టిన చోట్లు ఉన్నాయి. 2000 జూన్‌లో జర్మనీలోని హాంబుర్గ్‌లో బడి ఆవరణలో ఆడుకుంటున్న ఆరేళ్ల బాలుణ్ని రెండు కుక్కలు చంపాయి. చాలా రాష్ట్రాలు హడావుడిగా జాతి జాబితాలు తెచ్చాయి. పక్కనున్న లోయర్ శాక్సనీ రాష్ట్రమూ తెచ్చింది. 2002లో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం ఆ నిబంధనలను కొట్టేసింది. అప్పుడా రాష్ట్రం యజమాని వైపు తిరిగింది. 2013 జూలై నుంచి అక్కడ కొత్తగా కుక్కను పెంచేవాళ్లు, అది ఏ జాతిదైనా సరే, కొనే ముందు రాత పరీక్ష, తెచ్చుకున్న మొదటి ఏడాదిలో కుక్కతో కలిసి ప్రాక్టికల్ పరీక్ష నెగ్గాలి. బీమా, చిప్ అందరికీ తప్పనిసరి. బండి నడపడానికి లైసెన్సు అడిగేవాళ్లు బండి కంపెనీ పేరు చూడరు, నడిపే మనిషిని చూస్తారు. లోయర్ శాక్సనీ చేసింది అంతే.

కెనడాలోని కాల్గరీ నగరం కూడా జాతి మాట ఎత్తదు. మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకూ లైసెన్సు, ఆపరేషన్ చేయించినదానికి తక్కువ రుసుము, నియమం తప్పితే గట్టి జరిమానా. తప్పిపోయిన కుక్కకు లైసెన్సు ఉంటే నగర సిబ్బంది నేరుగా ఇంటికి తెచ్చి దింపుతారు. అందుకే జనం లైసెన్సును పన్నుగా కాక సేవగా చూశారు. 1980ల తర్వాత రెండు దశాబ్దాల పాటు ఊరు పెరుగుతున్నా కాట్లు తగ్గాయి. ఆ తర్వాత కొన్నేళ్లు మళ్లీ పెరిగిన మాటా నిజమే. ఏ పద్ధతీ ఒకసారి పెట్టి మరిచిపోతే పనిచేయదు. అమెరికాలోని డెన్వర్ మాత్రం 1989లో పిట్‌బుల్‌ను నిషేధించి, వేలాది కుక్కలను చంపి, చివరికి 2020 నవంబరులో ప్రజల ఓటుతో ఆ నిషేధాన్ని వదులుకుంది.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక సంగతి గుర్తు చేయాలి. టెక్సాస్‌లో నగరాలు, కౌంటీలు ఒక జాతిని ఎంచుకుని చట్టం చేయకూడదని రాష్ట్రమే కట్టడి చేసింది. కానీ అపార్టుమెంటు అద్దె ఒప్పందంలో, ఇంటి బీమా పత్రంలో జాతుల జాబితా ఉండవచ్చు. డల్లాస్ శివార్లలో ఇల్లు కొనుక్కుని రాట్‌వైలర్‌ను తెచ్చుకునే కుటుంబం బీమా కంపెనీకి ఆ మాట చెప్పకపోతే, కుక్క ఎవరినైనా కరిచిన రోజున పరిహారం సొంత జేబులోంచి పోవచ్చు. కుక్కను తెచ్చేముందే ఆ రెండు కాగితాలూ చదవాలి.

ఇక మన సంగతి. 2022 జూలైలో లక్నోలో ఒక వృద్ధురాలిని ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ చంపింది. ఆ అక్టోబరులో గాజియాబాద్ నగరపాలక సంస్థ పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనోలను వద్దంది. ఢిల్లీ హైకోర్టు కేంద్రాన్ని నిర్ణయం తీసుకోమనడంతో, 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది: 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలి, ఇప్పటికే ఉన్నవాటికి సంతానం కలగకుండా చేయాలి. ఆ జాబితా తొందరలో తయారైందని చదివితేనే తెలుస్తుంది. టోసా ఇను అని ఒకచోట, జపాన్ టోసా అని ఇంకోచోట ఒకే కుక్క రెండుసార్లు వచ్చింది. ‘టెర్రియర్లు’ అని మొత్తం కుటుంబాన్నే చేర్చారు, అందులో ఒడిలో ఇమిడే చిన్న కుక్కలూ ఉన్నాయి. ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. సంబంధం ఉన్నవాళ్ల మాట వినకుండా ఇలాంటి నిర్ణయం చెల్లదంది. వారం తిరగకముందే ఢిల్లీ హైకోర్టు కూడా ప్రజల అభ్యంతరాలు తీసుకున్నాకే ముందుకెళ్లమంది.

కోర్టులు ఆపింది పద్ధతి లోపించినందుకు. అందుకని కుక్కలవాళ్లు గెలిచామనుకోవడానికి లేదు.

హైదరాబాద్ చెప్పేది వినండి. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక అపార్టుమెంటు మూడో అంతస్తుకు అన్నం పొట్లం తెచ్చిన యువకుడి మీదికి ఆ ఇంటి కుక్క దూసుకొచ్చింది. అతను భయంతో పరుగెత్తి, పై నుంచి దూకి, ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో సరుకు అందించడానికి వెళ్లిన ఇంకొకతను అలాగే మూడో అంతస్తు నుంచి దూకి గాయాలతో బయటపడ్డాడు. మొదటిది జర్మన్ షెపర్డ్, రెండోది డాబర్‌మన్. 23 రకాల జాబితాలో ఆ రెండూ లేవు. మొదటి ఘటనలో ఆ అబ్బాయిని చంపింది కాటు కాదు, తీసి ఉన్న తలుపు. కుక్క పళ్లు తగలకుండానే ఒక పేదింటి కొడుకు పోయాడు. ఏ జాతి నిషేధం అతన్ని కాపాడేది కాదు. లోపలి గదికి గడియ పెట్టి ఉంటే అతను ఇవాళ బతికుండేవాడు.

మన చట్టంలో దీనికి సెక్షను ఉంది. పాత శిక్షాస్మృతిలో 289, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 291: పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యానికి ఆరు నెలల దాకా జైలు లేదా అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జాతితో నిమిత్తం లేదు. బ్రిటన్ చట్టంలో పనికొచ్చిన సెక్షనుకు ఇది చెల్లెలి వంటిదే, కానీ చాలా బలహీనమైనది. మనకు కొత్త జాబితా కంటే దీన్ని బలపరచడం అవసరం. నగరాల్లో పెంపుడు కుక్కకు మున్సిపల్ లైసెన్సు ఉండాలన్న నియమమూ ఉంది, తీసుకున్నవాళ్లు మాత్రం కొద్దిమంది. లైసెన్సు లేకుండా జాతి నిషేధం పెడితే భయపడ్డ యజమాని కుక్కను వైద్యుడి దగ్గరికే తీసుకురాడు. రేబిస్ టీకా వేయించడు. లేదంటే రాత్రిపూట ఊరి బయట వదిలేస్తాడు.

పూచీ పడే యజమాని ఏం చేస్తాడు? ముందు ఎక్కడ కొంటున్నాడో చూస్తాడు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. నెల పిల్లలను అమ్మేచోట కొనడమంటే తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర అది నేర్చుకోవలసిన పాఠాన్ని పోగొట్టడమే. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో కుక్కపిల్ల ఆ వారాల్లోనే తెలుసుకుంటుంది. తల్లిని చూపించమని అడగాలి. చూపించకపోతే వెనక్కి రావాలి.

మన కాలనీల్లో ఇంకో దృశ్యం అలవాటైపోయింది. నలభై కిలోల కుక్కను వాచ్‌మన్ కొడుకు షికారుకు తిప్పుతుంటాడు. పదకొండేళ్ల పిల్లాడు. కుక్క లాగితే వాడే నేల మీద ఈడ్చుకుపోతాడు. పట్టీ చేతికి చుట్టుకుని ఉంటాడు కాబట్టి వదిలించుకోనూ లేడు. బ్రిటన్ చట్టం 16 ఏళ్లని రాసింది ఇందుకే. కుక్క యజమానికి తీరిక లేకపోతే ఆ పనికి పెద్దమనిషిని పెట్టుకోవాలి, దానికి తగిన జీతం ఇవ్వాలి, కుక్కతో ఎలా మెలగాలో నేర్పాలి.

చిక్కం అంటే మనవాళ్లకు చిన్నచూపు. చిక్కం వేస్తే కుక్క చెడ్డదని ఊరు అనుకుంటుందని బాధ. గుడ్డతో మూతి బిగించే రకం వాడితే నిజంగానే కుక్కకు హింస, ఎందుకంటే కుక్క రొప్పుతూ నాలుక బయటపెట్టే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. మన మే నెలలో మూతి బిగిస్తే వడదెబ్బతో పోతుంది. బుట్టలా ఉండే చిక్కం వాడాలి. అందులో రొప్పగలదు, నీళ్లు తాగగలదు. చిన్నప్పటి నుంచి బుట్ట అడుగున తిండి పెట్టి అలవాటు చేస్తే, గిన్నె దగ్గరికి వెళ్లినట్టే తానే మూతి పెడుతుంది. లిఫ్టులో, ఆసుపత్రి వరండాలో, పండగ పూట జనం మధ్య అది ఉంటే కుక్కకూ ఎదుటివాళ్లకూ నిశ్చింత.

‘ఏమీ చేయదండీ, రండి’ అన్న మాట తెలుగు ఇళ్ల గుమ్మాల్లో ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. చెప్పేవాళ్లు నమ్మే చెబుతారు. కానీ వాళ్లకు తెలిసిన కుక్క వాళ్లతో ఉండే కుక్క. గుమ్మం దగ్గర నిలబడ్డ అపరిచితుడికి ఆ కుక్క తెలియదు, కుక్కకు అతను తెలియదు. వచ్చిన మనిషి భయపడితే ఆ భయాన్ని గౌరవించి ముందు కుక్కను లోపల వేయాలి. గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు తగిలించి జాగ్రత్త భారమంతా వచ్చేవాళ్ల మీద వేయడం న్యాయం కాదు. అలాగే గుర్రుమన్నందుకు కుక్కను కొట్టకూడదు. గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరిక. దెబ్బలతో ఆ హెచ్చరికను మాన్పిస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది. ‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను నమ్ముకుని పసిపిల్లలను కుక్క దగ్గర ఒంటరిగా వదిలినవాళ్లు ఆసుపత్రులకు పరుగెత్తిన సందర్భాలు పశువైద్యులకు, పిల్లల డాక్టర్లకు బాగా తెలుసు. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు, పిల్లలు పెట్టినప్పుడు ఎంత మంచి కుక్క దగ్గరికైనా పిల్లలను వెళ్లనివ్వకూడదు.

అపార్టుమెంటు సంఘాలకు కూడా ఒక మాట. పెంపుడు కుక్కలనే వద్దనడానికి, జాతి చూసో సైజు చూసో కొన్నింటిని గెంటెయ్యడానికి సంఘాలకు అధికారం లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. దానికి బదులు సంఘం ప్రతి ఇంటి కుక్క టీకా పత్రం, లైసెన్సు నకలు తీసుకుని ఉంచుకోవచ్చు. సరుకులు తెచ్చేవాళ్లను ఏ అంతస్తులో కుక్క ఉందో గేటు దగ్గరే చెప్పి పంపవచ్చు. ఖర్చు లేని పనులివి.

చివరిగా పశువైద్య విద్యార్థులకు ఒక కోరిక. కుక్కపిల్ల మొదటి టీకాకు ఆరు, ఎనిమిది వారాల వయసులో మీ బల్ల ఎక్కుతుంది. స్కాట్, ఫుల్లర్ చెప్పిన కాలంలో ఇంకా కొన్ని వారాలే మిగిలి ఉంటాయి. ఆ యజమానిని అంత శ్రద్ధగా వినే స్థితిలో మళ్లీ ఎవరూ పట్టుకోలేరు. సూది వేసి పంపకుండా ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఈ వారం ఎవరెవరిని చూపించాలో చెప్పండి. పట్టీ ఎలా పట్టాలో చూపండి. చిక్కం బుట్ట ఒకటి ఆసుపత్రిలో ఉంచి, అందులో బిస్కెట్టు ముక్క వేసి పిల్ల మూతి తానే పెట్టేలా చేసి చూపండి. లైసెన్సు దరఖాస్తు కాగితం అక్కడే నింపించండి. తర్వాతి టీకాకు వచ్చినప్పుడు ఇవన్నీ జరిగాయో లేదో అడిగి, టీకా పుస్తకంలో రాయండి. ఆ పుస్తకంలో జాతి అని ఒక గడి ఇప్పటికే ఉంది. దాని పక్కన కుక్కను రోజూ తిప్పే మనిషి పేరు, వయసు రాయడానికి ఇంకో గడి గీసుకోండి.